బుధవారం పళ్ళ డాక్టరు

మార్చి 3, సోమవారం

ఇందుమూలంగా మూడో అంతస్తు ప్రజలందరికీ, అనగా ఆఫీసర్లకీ, గుమాస్తాలకీ, పనీపాటా లేక కారిడార్లు కొలిచేవారికీ, జెరాక్స్ గది సర్వాధికారి చాటించేదేమంటే: నేటి నుంచి మెషీను మీద టీ గ్లాసు పెట్టినవారి కాగితాలు తలకిందులుగా ప్రింటు చేయబడును. పిన్నులు కావలసినవారు ఎన్ని కావాలో చెప్పి అడుగవలెను. స్టూలు నాది. దాని మీద కూర్చోదలచినవారికి దాని మూడో కాలు సంగతి ముందుగా తెలియజేయబడదు.

దీన్ని నిజంగానే టైపు చేయించి, గుండ్రటి స్టాంపు కొట్టి గోడకి అంటించాను. మధ్యాహ్నానికల్లా ముగ్గురు దాని కింద సంతకం పెట్టి వెళ్ళారు. చదివి కాదు. స్టాంపు ఉన్న కాగితం కనబడితే మా ఆఫీసులో చెయ్యి దానంతటదే సంతకం పెట్టేస్తుంది.

మా ఆఫీసు అంటే విదేశాంగ శాఖ. బయటివాళ్ళతో ఎలా మసలుకోవాలో ఇక్కడ తేలుస్తారు. తేలినదానికి నేను కాపీలు తీస్తాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఈ దేశం ఎవరితో కూడిందో ఎవరితో చెడిందో మెషీను ఒళ్ళు పట్టుకు చూసి చెప్పగలను.

మార్చి 4, మంగళవారం

ఇవాళ మెషీనుకి జ్వరం. లోయ ఫైలు మళ్ళీ లేచింది.

కనుమ దాటితే లోయ. పదకొండేళ్ళుగా అక్కడ కొట్టుకు చస్తున్నారు. కొండ మీది ముఠా ఒకటి, ఏటి ఒడ్డు ముఠా ఒకటి. మా ఫైళ్ళలో వాటికి బారెడు పొడుగు పేర్లున్నాయి. లారీ డ్రైవర్లు పైవాళ్ళు, కిందవాళ్ళు అంటారు, నాకదే బాగుంది. ఇన్నాళ్ళూ మన విధానం ఒకటే: కనుమ గేటుకి తాళం, తాళానికి సీలు, మన నోటికి ప్లాస్టరు. ఇప్పుడు కొత్త మంత్రికి కొత్త విధానం కావాలట. గేటు తీసి ఇద్దరితోనూ మాట్లాడదామా, ఇద్దరికీ సరుకు పంపుదామా అని.

దానికో కాగితం తయారవుతోంది. మధ్యలో నిలువు గీత. ఎడమవైపు నష్టాలు, రాసేది ఒక మేడమ్. కుడివైపు లాభాలు, రాసేది ఒక సారు. వాళ్ళకి నష్టాల మేడమ్, లాభాల సారు అని నేనే బారసాల చేశాను. ఇప్పుడు లిఫ్టు నడిపేవాడు కూడా అవే పేర్లు వాడుతున్నాడు. ఇద్దరూ లోయ మొహం చూసినవాళ్ళు కారు.

నష్టాలు తొమ్మిది. పిండి బస్తాల కింద తుపాకులు పోతాయి. మొదటి లారీ ఎవడి చేతికి చిక్కితే వాడే రాజవుతాడు. ఒక్క డ్రైవర్ని కట్టేసి కూర్చోబెట్టినా ప్రభుత్వం తల వంచవలసిందే. ఇలా. లాభాలు మూడే. వ్యాపారం, దేశానికి మంచిపేరు, మన శిబిరాల్లో మగ్గుతున్న లోయ జనం ఇళ్ళకి పోగలగడం. తొమ్మిదికి మూడు. గేటు తెరుచుకునే లెక్క కాదు.

మా బావ లారీ డ్రైవరు. గేటు పడకముందు తొమ్మిదేళ్ళు ఆ కనుమ మీదే తిప్పాడు. ఇప్పుడు ఊళ్ళో ఇసుక తోలుతున్నాడు. నేనుండేది అక్కాబావల ఇంట్లో పై గది, తినేది అక్క చేతి కూడు. మూడో అంతస్తులో ఇంతమంది లోయ గురించి రాస్తున్నారు. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మా బావని పిలిచి ఏమయ్యా అక్కడ సంగతేమిటి అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

మార్చి 6, గురువారం

కుడి దవడ పన్ను వారం నుంచి సలుపుతోంది. ఇవాళ దవడ పూరీలా ఉబ్బింది. ఆ చిరాకులో ఉండగా లాభాల సారు వచ్చాడు. నా స్టూలు మీద కూర్చున్నాడు, మూడో కాలు తన పని తను చేసింది, లేచి దులుపుకున్నాడు. పాపం కోపం రాని మనిషి. నాలుగో లాభం దొరకడం లేదయ్యా అని నిట్టూర్చాడు. నీకెవరైనా తెలుసా లోయకి వెళ్ళొచ్చినవాళ్ళు అని మెషీనుని అడిగినట్టు అడిగాడు.

మా బావ తొమ్మిదేళ్ళు తిరిగాడు సార్ అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? నాలుక దురద పెట్టింది.

లోయ మొత్తానికి ఒకే ఒక్క పళ్ళ డాక్టరున్నాడు సార్ అన్నాను. బుధవారం పొద్దున పైవాళ్ళ దగ్గర, మధ్యాహ్నం కిందవాళ్ళ దగ్గర. ఆయన దారిలో ఉన్నంతసేపూ ఎవడూ తుపాకీ ముట్టడు. గురి తప్పి ఆయనకి తగిలిందనుకోండి, రేపు పన్ను లేస్తే పీకేదెవరు? అందుకని బుధవారం వచ్చిందంటే లోయంతా గప్‌చిప్.

నేను దవడ పట్టుకుని చెబుతుంటే అంత నమ్మకంగా వినిపించిందేమో. సారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. బుధవారమేనా, కచ్చితంగా బుధవారమేనా అని రెండుసార్లు అడిగాడు. బుధవారమే సార్ అన్నాను.

మార్చి 11, మంగళవారం

ముసాయిదా కాపీలకొచ్చింది. లాభాలు, నాలుగో అంశం: ‘వైద్య అవసరాల ప్రాతిపదికపై ఉభయ పక్షాల మధ్య ప్రతి బుధవారం అనధికారిక కాల్పుల విరమణ అమలులో ఉన్నట్లు విశ్వసనీయ స్థానిక వర్గాల ద్వారా తెలియుచున్నది.’

విశ్వసనీయ స్థానిక వర్గాలంటే నేను. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి.

మెషీను మీద బోర్లా పడి నవ్వాను. నలభై కాపీలు. నలభయ్యో కాపీ దగ్గర కూడా నవ్వు ఆగలేదు. ఈ ఉద్యోగంలో ఇంత సుఖం ఎన్నడూ లేదు.

మార్చి 17, సోమవారం

రక్షణ శాఖవాళ్ళ నోటు వచ్చింది. బుధవారం విరమణ తమకూ ఇతర మార్గాల ద్వారా ధ్రువపడిందట. ఆ ఇతర మార్గం ఏమిటా అని అడుగున చిన్న అక్షరాలు చూశాను. మా ముసాయిదా, పేజీ ఆరు. సాయంత్రం మా మూడో ముసాయిదా వచ్చింది. అందులో నాలుగో అంశం మొదటికి ఎక్కింది. రక్షణ శాఖ కూడా ధ్రువీకరించినది కావున అని.

ఎద్దు ఈనిందిరా అంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వీళ్ళు కట్టేశారు, గడ్డి కూడా వేశారు.

మార్చి 18, మంగళవారం

పన్ను పీకించుకున్నాను. ఆ డాక్టరు వారానికి ఆరు రోజులూ ఉంటాడు.

మార్చి 27, గురువారం

కనుమ గేటు తెరుస్తారట. టీవీలో మంత్రి చెప్పాడు. మా గదికి టోనరు రావడానికి ఏడు నెలలు పట్టింది, విదేశాంగ విధానం మారడానికి మూడు వారాలు. ఏప్రిల్ 23, బుధవారం, పన్నెండు లారీలు. పిండి, మందులు, సిమెంటు. స్నేహ సూచకంగా ఒక కుర్చీ. పళ్ళ డాక్టరు కుర్చీ, పైకీ కిందకీ లేచేది, దీపం ఉన్నది.

ఆ కుర్చీ మాట విన్నాక నవ్వు సగంలో ఎక్కడో ఇరుక్కుంది.

సాయంత్రం ఇంటికెళితే బావ ఈల వేస్తున్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఈల వినలేదు నేను. పాత అనుభవమున్న డ్రైవర్లు కావాలన్నారట, పేరిచ్చేశాడట. ఏమోయ్ బామ్మర్దీ, మీవాళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందోయ్ అన్నాడు. పన్ను పీకిన చోటు చూపించి తప్పించుకున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

డ్రైవర్ల భార్యలు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ పత్రం కాపీలు తీసిందీ నేనే. అక్క ముందు ఛస్తే పెట్టనంది. ఇసుక తోలుతూ ఇంటికొచ్చే మొగుడు చాలు నాకు, పేపర్లో ఫోటో వచ్చే మొగుడు అక్కర్లేదు అంది. వారం రోజులు గిన్నెలన్నీ అదే మాట చెప్పాయి.

ఇవాళ పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఒరేయ్, బుధవారాలు కాల్పులుండవంటున్నారు, నువ్వు ఆ ఆఫీసులోనే కదా ఏడుస్తున్నావు, నిజమేనా అని అడిగింది. చిన్నప్పటి నుంచీ నేను ఎన్ని అబద్ధాలాడినా ఒక్క చూపుతో పట్టేసే మనిషి. ఇవాళ మాత్రం నమ్మాలని వచ్చింది. మొహం మీదే కనబడుతోంది.

పేపర్లో వేశారు కదా అక్కా అన్నాను.

నిజమనలేదు. అబద్ధమూ అనలేదు. కిందకెళ్ళి సంతకం పెట్టేసింది.

ఏప్రిల్ 7, సోమవారం

లాభాల సారు దగ్గరికి వెళ్ళి నిలబడి చెప్పేశాను. సార్, పళ్ళ డాక్టరు లేడు. నేనే పుట్టించాను. మా బావ ఎప్పుడూ అలా చెప్పలేదు.

పడీ పడీ నవ్వాడు. నువ్వు భలేవాడివయ్యా, కిందటేడు పనిచేసే లిఫ్టుకి పనిచేయదు అని బోర్డు పెట్టి సెక్రటరీగార్ని ఐదంతస్తులు నడిపించింది నువ్వే కదూ అన్నాడు. సార్ ఇది అది కాదు, ఆ విశ్వసనీయ వర్గాలు నేనే అన్నాను. నవ్వు ఆపేసి తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. సోర్సు ఎవరన్నది ఇప్పుడు రహస్యం కింద పెట్టారు, దాని గురించి నీతో మాట్లాడే అధికారం నాకు లేదు, నీకు తెలుసుకునే హోదా లేదు అన్నాడు.

సార్ నేను నా గురించి చెబుతున్నాను అన్నాను.

అది నువ్వని ధ్రువపరచలేను, కాదనీ చెప్పలేను అన్నాడు. గోడకేసి తల కొట్టుకుంటే గోడకైనా బొప్పి కడుతుందేమో గానీ.

ఏప్రిల్ 9, బుధవారం

నోటిమాటకి విలువ లేదని కాగితం మీద రాశాను. మూడు పేజీలు, తప్పులతో సహా. సంతకం, తేదీ. ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి అదే కాగితం నా గదికొచ్చింది, నలభై కాపీలు తీయమని. పైన ఎర్ర సిరాతో ‘గమనించబడినది. అనుబంధం 14గా జతచేయవలెను’ అని ఉంది.

నా తప్పొప్పుకోలు నేనే నలభైసార్లు కాపీ తీసుకున్నాను. అనుబంధం 14 ఎవరూ చదవరు. నేను చదవను, ఇరవై రెండేళ్ళుగా కాపీ తీస్తున్నవాణ్ణే.

ఏప్రిల్ 10, గురువారం

కాపీలు ఇచ్చే వంకతో నష్టాల మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఏ రోజు చెప్పారు, ఎవరికి చెప్పారు, అప్పుడు గదిలో ఇంకెవరున్నారు అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత ఒక మాట అంది. నా తొమ్మిది నష్టాలూ పుస్తకాల్లోంచి తీసినవే, మీ అబద్ధానికి కనీసం లోయ చూసిన బావ ఒకడున్నాడు అంది. అసలు ఆయన ఏమంటారు, ఆ దారి తెరవాలంటారా అని అడిగింది. మూడో అంతస్తులో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. వెళ్ళాలనే అంటాడు మేడమ్ అన్నాను. తల ఊపింది. దారి తెరవడం తప్పని నేనూ అనను, ఏముందో తెలిసి తెరవాలి, అంతే అంది. రేపటి మీటింగులో లేవదీస్తానంది.

ఇవాళ్టి నుంచి ఈ డైరీలో ఆవిడకి బహువచనం.

ఏప్రిల్ 14, సోమవారం

మేడమ్ గారు మీటింగులో చెప్పారట. మీ సోర్సు ఎవరని అడిగారట. జెరాక్స్ తీసే ఆయన అని చెప్పారట. అందరూ నవ్వారట. ఆ నవ్వులోనే టీ వచ్చిందట, టీ తర్వాత బడ్జెట్ అంశం మొదలైందట.

మంత్రి టీవీలో చెప్పేశాడు, కుర్చీ కొనేశారు, బుధవారం అన్నది నాలుగు శాఖల కాగితాల్లోకి ఎక్కేసింది, ఇప్పుడు ఒకదాంట్లో కొట్టేస్తే మిగతా మూడూ సాక్ష్యం చెబుతాయి అన్నారు మేడమ్ గారు. నా అభ్యంతరం నమోదు చేశారు అంటూ ఒక నవ్వు నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. నా మూడు పేజీలకి ఎర్ర సిరా పడ్డ రోజు నేనూ అదే నవ్వాను.

ఇక మిగిలింది ఒకటే, డ్రైవర్లకి చెప్పండి అన్నారు.

ఏప్రిల్ 15, మంగళవారం, పొద్దున ఎనిమిది

లారీ షెడ్డుకి వెళ్ళాను. బావ లారీ కింద పడుకుని గ్రీజు కొడుతున్నాడు. బయటికి కాళ్ళే కనబడుతున్నాయి. మంచిదే అయింది. కాళ్ళతో మాట్లాడటం తేలిక. మొత్తం చెప్పాను. పన్ను నొప్పి దగ్గర్నుంచి అనుబంధం 14 దాకా.

కాళ్ళు కదలడం మానేశాయి. కాసేపటికి బావ పాకుతూ బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ డాక్టరు పొడుగా, పొట్టా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

ఓరి పిచ్చి సన్నాసీ అన్నాడు. తొమ్మిదేళ్ళు తిరిగినవాణ్ణి, పళ్ళ డాక్టరు కాదు గదా తలనొప్పికి మాత్ర ఇచ్చే దిక్కు కూడా లేదు అక్కడ, పేపర్లో చదివిన రోజే అనుకున్నాను ఇదెవడో నీలాంటి వెధవ పని అని, నువ్వే అనుకోలేదు అన్నాడు. మరి వెళ్ళకు బావా అన్నాను. నీ డాక్టర్ని నమ్ముకుని వెళుతున్నాననుకున్నావా అన్నాడు. కనుమ దిగగానే ఒక పంక్చర్ల షాపు ఉండేదట. మంచు పడి దారి మూసుకుపోతే ఆ షాపాయన నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టాడట. గేటు పడ్డ రోజు బావ ఇటువైపు, ఆయన అటువైపు. పదకొండేళ్ళు. ఉన్నాడో పోయాడో చూడాలిరా అన్నాడు. నిజాలు రాసినన్నాళ్ళూ గేటు మూసే ఉంది, నీ వెధవ అబద్ధానికి తెరుచుకుంది, దానికి నువ్వు ఏడవాలో నేను ఏడవాలో నాకు తెలియడం లేదు అన్నాడు.

మిగతా పదకొండు మందికీ తనే చెబుతానన్నాడు. మీ అక్క దగ్గర మాత్రం నోరు మెదిపావో, పళ్ళన్నీ నేనే రాలగొడతాను, ఆమె ఆ బుధవారాన్ని పట్టుకుని నిద్రపోతోంది అన్నాడు.

వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేయలేదు. ఎప్పుడూ వేస్తాడు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇద్దరు డ్రైవర్లకి కడుపునొప్పి వచ్చింది. వాళ్ళ బదులు వేరే ఇద్దర్ని వేశారు. తక్కిన పది మందీ వెళతారట. తెలిసే వెళతారట. ఇది నష్టాల్లో రాయాలా, లాభాల్లో రాయాలా? నా దగ్గర మూడో గడి లేదు.

ఏప్రిల్ 23, బుధవారం

ఆరింటికి బయల్దేరారు. బ్యాండు, జెండాలు, కెమెరాలు. కుర్చీ బావ లారీలోనే ఎక్కించారు. టార్పాలిన్ కప్పితే లోపల ఎవరో వెనక్కి వాలి కూర్చున్నట్టే ఉంది. లాభాల సారు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. మేడమ్ గారు దూరంగా నిలబడ్డారు, ఎవరికీ చెయ్యి ఊపలేదు, లారీలు మాత్రం లెక్కపెట్టుకున్నారు.

ఇవాళ కనుమ దాటాలి. వారం రోజులు అక్కడ సరుకు దింపి వచ్చే బుధవారం తిరిగి రావాలి. మామూలుగా రెండు రోజుల పని. కానీ బుధవారమైతేనే క్షేమం కదా. నా నోటి నుంచి ఊడిపడ్డ బుధవారం కోసం పన్నెండు మంది ఆ లోయలో వారం రోజులు కూర్చోవాలి.

అక్క ఏడవలేదు. బుధవారమే కదా అంది.

ఏప్రిల్ 24, గురువారం

ముందు లారీలో శాటిలైట్ ఫోను ఉంది. నిన్న సాయంత్రం ఆరింటికి పలకాలి. పలకలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

పలకలేదు.

ఏప్రిల్ 26, శనివారం

కొండల్లో సిగ్నల్ ఉండదు, బ్యాటరీ అయిపోయి ఉంటుంది, వార్త లేదంటే మంచి వార్తే అంటున్నాడు లాభాల సారు. మేడమ్ గారు నిన్ననే ఫైలు పెట్టారు. కనుమ దాకా ఇద్దరు మనుషుల్ని పంపాలి, అవతల సహాయ సంస్థవాళ్ళ ద్వారా కబురు పెట్టి లారీలు ఎక్కడున్నాయో వెతికించాలి అని. ముగ్గురు సంతకం పెట్టారు. నాలుగో ఆయన సెలవులో ఉన్నాడు. ఐదో ఆయన నాలుగో ఆయన సంతకం లేనిదే ముట్టడు. ఏమీ లేని చోట స్టాంపు చూసి సంతకాలు కురిపించే చేతులు ఇవే.

అక్క గంటగంటకీ కింద నుంచి కేకేస్తోంది. ఫోనొచ్చిందా అని. రాత్రి ఇద్దరికీ కంచాలు పెట్టింది, ఇద్దరం చూస్తూ కూర్చున్నాం, ఎత్తేసింది. నిన్న కూడా అంతే.

ఏప్రిల్ 28, సోమవారం

బావ ఫోను చేశాడు!

పదకొండున్నరకి. ఆఫీసు ల్యాండ్‌లైనుకి. నా గది నంబరు ఒక్కటే ఆయనకి నోటికొచ్చట. గొంతు గరగరలాడుతోంది, మధ్యలో మధ్యలో తెగిపోతోంది, అయినా బావే. అందరూ బాగున్నారట. శాటిలైట్ ఫోను ఏట్లో పడిందట, అందుకే పలకలేదట. పంక్చర్ల షాపాయన ఉన్నాడట, జుట్టంతా నెరిసిందట, బావని చూసి ముందు తిట్టాడట ఇన్నాళ్ళా అని. కుర్చీ దింపగానే పైవాళ్ళ పెద్ద వచ్చి ఎక్కి కూర్చున్నాడట. పైకి లేపారట, కిందకి దింపారట, మళ్ళీ లేపమన్నాడట. కిందవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారట. దింపుడు ఇంకా అవలేదు, రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు, మీ అక్కకి చెప్పు అన్నాడు.

పరుగున ఇంటికెళ్ళి చెప్పాను. అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. గొంతు ఎలా ఉందిరా అంది, జలుబు చేసినట్టుందక్కా అన్నాను. ఆ మనిషి మఫ్లర్ చుట్టుకోడు, ఎన్నిసార్లు చెప్పాను అని తిట్టింది. తిట్టుకుంటూనే వంటింట్లోకి వెళ్ళి నిలబడే తినేసింది. మూడు రోజుల తర్వాత.

ఏప్రిల్ 30, బుధవారం

పొద్దున్నుంచి చీకటి పడేదాకా గేటు తెరిచి ఉంచారు. ఒక్క లారీ రాలేదు.

నాలుగింటికి మేడమ్ గారి ఫైలు కాపీకొచ్చింది. వెతికించే ఫైలు. నాలుగో ఆయన, ఐదో ఆయన ఇద్దరూ సంతకం పెట్టారు. మూసేయమని పెట్టారు. ‘డ్రైవరు ఒకరు స్వయంగా ఫోను చేసి అందరూ క్షేమమని, సరుకు దింపుట వలన ఆలస్యమగుచున్నదని తెలిపినట్లు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసినందున, గాలింపు అవసరము లేదు.’

ఆఫీసులో నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకి ఒక్కదానికే చెప్పాను. అక్క మిగతా డ్రైవర్ల ఇళ్ళన్నీ తిరిగి చెప్పి వచ్చింది. ఆ ఇళ్ళల్లో ఒకరు పేపరువాళ్ళకి చెప్పారు. పేపరు చూసి లాభాల సారు నోటు రాశాడు. నా గదిలోకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. రెండో జట్టు మే 7న బయల్దేరుతుందట. ఇరవై లారీలు. ఇదీ బుధవారమే.

ఐదింటికి మేడమ్ గారు వచ్చారు. తలుపు దగ్గరగా వేశారు. ఆయన నిజంగా ఫోను చేశారా అని అడిగారు.

తల ఊపాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. మంచిదే అయితే అని వెళ్ళిపోయారు.

మే 1, గురువారం, పొద్దున ఏడు

కింద అక్క బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. చప్పుడు వినబడుతోంది.

ముందు ఆమెకి చెప్పాలి. తర్వాత మేడమ్ గారికి. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే మాట. మెట్లు దిగేలోగా ఎక్కడ మింగేస్తానో అని ఇక్కడ ఒకసారి రాసుకుంటున్నాను.

సోమవారం బావ ఫోను చేయలేదు.